సూత్రం నుంచి కార్డుముక్క దాకా



చిన్నదిగా వ్రాయడమూ, సూటిగా వ్రాయడమూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. బడిలో సంక్షేపరచన నేర్పినన్నాళ్ళూ ఈ భ్రమతో నాకు పేచీ ఉండేది. ఒక పేజీ గద్యాన్ని మూడోవంతుకు కుదించమంటే పిల్లలు మొదటి వాక్యం ఉంచి, తరువాతి రెండూ కొట్టివేసి, మళ్ళీ ఒకటి ఉంచేవారు. లెక్కకు మూడోవంతే! కాని అసలు గద్యం చదవనివాడికి ఆ మిగిలినది బోధపడదు. వ్రాసిన పిల్లవాడికి మాత్రం బోధపడుతుంది, ఎందుకంటే తీసివేసినది వాడి తలలో ఉంది.

తెలుగు వచన చరిత్రను ఈ ఒక్క కోణం నుంచి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మన భాషలో క్లుప్తత రెండు తెరగులు. ఒకటి తెలిసినవారి కోసం చేసే క్లుప్తత, రెండవది తెలియనివారి కోసం చేసే క్లుప్తత. మొదటిదానిలో మనవారు ఏనాడో ఆరితేరారు. రెండవదాని కోసం గత శతాబ్దంలో పెద్ద యుద్ధమే జరిగింది. అందులో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని మా విశాఖ, విజయనగరం, పర్లాకిమిడి సీమలలోనే నడిచాయి.

మొదట రాతిమీది వ్రాత సంగతి చూద్దాం. కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుల నాటి శాసనం, క్రీ.శ. 575 ప్రాంతానిదని చెప్పేది, మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా ప్రసిద్ధం. కాగితం మీద కలం పరుగెత్తుతుంది గాని, రాతిమీద ఉలి పరుగెత్తదు. ప్రతి అక్షరానికీ చెమట ఖర్చు. అందుకే దానశాసనాలకు ఒక చట్రం ఏర్పడింది: ఇచ్చినవాడెవడు, పుచ్చుకున్నవాడెవడు, ఎంత భూమి, ఎల్లలేవి, సాక్షులెవరు, చెరచినవాడికి పాపమేమి. అంతటితో సరి.

మా సీతమ్మధారకు సింహాచలం దూరం కాదు. కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో అక్కడికి వచ్చి, స్వామికి కానుకలు సమర్పించి శాసనం వేయించాడు. రాయల శాసనాలలో బిరుదుల వరుస దీర్ఘంగానే సాగుతుంది. రాజుగారి పొగడ్త కదా, శిల్పి శ్రమకు వెరవలేదు! కాని కానుక దగ్గరకు వచ్చేసరికి మాట పొదుపుగా మారుతుంది. ఆయన ఇచ్చిన హారంలో ముత్యాలు 991. వేయి అని గుండుగా చెప్పలేదు, వెలలేని హారమనీ చెప్పి ఊరుకోలేదు. ఐదువందల ఏళ్ళ తరువాత ఆ బిరుదులు మనకు గుర్తుండవు, ఆ 991 మాత్రం గుర్తుంటుంది. విశేషణం పది మాటలలో చేయలేని పని సంఖ్య ఒక్క మాటలో చేస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇక శాస్త్రం సంగతి. పాణిని ఇంచుమించు నాలుగు వేల సూత్రాలలో సంస్కృత భాషనంతటినీ బంధించాడు. వ్యాకర్తకు అరమాత్ర ఆదా అయితే కొడుకు పుట్టినంత సంబరమని పండితులలో నానుడి. ఆ సంప్రదాయాన్ని తెలుగులో అంత నేర్పుగా నడిపినవాడు పరవస్తు చిన్నయసూరి. 1858 నాటి ఆయన బాలవ్యాకరణం సంజ్ఞ మొదలు ప్రకీర్ణకం దాకా పది పరిచ్ఛేదాలు. చాలా సూత్రాలు కొద్ది మాటలలోనే ముగుస్తాయి. ఒక్క మాట తీసివేసినా సూత్రం కూలిపోతుంది. క్లుప్తతకు అంతకంటె పరాకాష్ఠ ఏముంది?

అదే చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక వ్రాశాడు. ఆ వచనం తీరు వేరు. పొడవైన వాక్యాలు, ఒకదాని వెంట ఒకటిగా క్త్వార్థకాలు, సమాసాల తోరణాలు. చేయి ఒకటే, వచనాలు రెండు. వ్యాకరణంలో అక్షరం వృథా చేయని మనిషి కథలో ఇంత ధారాళంగా ఎందుకు వ్రాశాడు? నాకు తోచిన సమాధానమిది. సూత్రం కంఠస్థం చేయడానికి, దానిని విప్పిచెప్పే గురువు పక్కనే ఉంటాడు. కథకు గురువుండడు. చదువరిని చేయి పట్టుకుని నడిపించవలసిన భారం వాక్యానిదే. సూత్రం ఒంటరిగా నిలువలేదని చిన్నయసూరికీ తెలుసు, అందుకే సూత్రం కింద వృత్తి చేర్చాడు.

తెలిసినవారి కోసం చేసే క్లుప్తత అంటే ఇదే. దీనిని నేను తక్కువ చేయడం లేదు. శిక్షణలో ఆ సూత్రాలు వల్లించినవాణ్ణి, ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కాని ఆ క్లుప్తత ఖర్చును మరొకరు భరిస్తారు. సూత్రకారుడు మిగుల్చుకున్న మాటలు వ్యాఖ్యాత నోటి మీదుగా పదింతలై బయటికి వస్తాయి.

ఇటువంటిదే మరొక ఉదాహరణ అందరి ఇళ్ళలోనూ ఉండేది, అదే తంతి. టెలిగ్రాముకు మాటకింత అని రుసుము. కాబట్టి విభక్తులూ, మర్యాదలూ అన్నీ ఎగిరిపోయి మూడు నాలుగు ఇంగ్లీషు మాటలు మిగిలేవి. పల్లెలో ఆ కాగితం అందుకున్నవారికి ఇంగ్లీషు రాదు. తంతి వచ్చిందంటే ముందు ఏడుపు, తరువాత చదువు! చదివిపెట్టడానికి బడి పంతులు దగ్గరకు పరుగెత్తేవారు. కూతురు ప్రసవించిందన్న శుభవార్తకు కూడా పంతులుగారు నోరు విప్పేదాకా ఇల్లంతా గుండెలు చేత పట్టుకుని నిలబడవలసిందే. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాము ముగిసింది. దానికి వ్యాఖ్యానం చెప్పిన పంతుళ్ళ తరం అంతకుముందే ముగిసింది.

దీనికి ఎదురుగా కార్డుముక్కను పెట్టి చూడండి. మన దేశంలో పోస్టుకార్డు 1879లో వచ్చింది, వెల కాలణా. జాగా అరచేతి మేర. మాటకు రుసుము లేదు గాని చోటుకు హద్దుంది. ఆ హద్దులో మన ఇళ్ళవారు తెలుగులోనే ఒక చక్కని పద్ధతి ఏర్పరచుకున్నారు. "ఉభయకుశలోపరి" అన్న ఒక్క సమాసంతో ఇక్కడి క్షేమం, అక్కడి క్షేమం, ఆ రెండింటి తరువాత అసలు సంగతి అన్నీ చెప్పినట్లే. ఆ మాటకు వ్యుత్పత్తి తెలియని మా పెద్దమ్మలు కూడా దాని పని తెలిసి వాడుకున్నారు. తరువాత ఫలానా తారీఖున బయలుదేరుతున్నాము, బండి పంపండి; వడ్లు ఇంకా అమ్మలేదు; చిన్నవాడికి జ్వరం తగ్గింది. కర్తలు లేవు, అలంకారాలు లేవు, అర్థం కానిదీ లేదు. వచనం ఎలా ఉండాలన్న చర్చ మద్రాసులో పండితులు మొదలుపెట్టకముందే కార్డుముక్క మీద దానికి సగం సమాధానం దొరికింది.

ఆ చర్చ 1906లో యేట్స్ అనే దొర ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా రావడంతో వేడెక్కింది. జనం మాట్లాడే తెలుగుకూ, పిల్లలు బడిలో చదివే తెలుగుకూ ఇంత ఎడమెందుకని ఆయన అడిగాడు. విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను పట్టుకున్నారు. ఈ ముగ్గురూ, ఆ ఒక్క దొరా కలిసి కదిలించిన తుట్టె అంతా ఇంతా కాదు. ఎదుటి పక్షాన 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది, జయంతి రామయ్య పంతులు దానికి పెద్ద దిక్కు. కూర్పు పరీక్షలో పిల్లవాడు ఏ తెలుగులో వ్రాయాలన్నదే తగవు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ సమర్పించిన అసమ్మతి పత్రం ఈ తగవులోదే. మరుసటి ఏడు, 1915 నవంబరు 30న, ఆయన కన్నుమూశాడు. రామమూర్తి పంతులు 1919లో "తెలుగు" అనే పత్రిక పెట్టి ఆ పోరు సాగించాడు.

రామయ్య పంతులు పక్షంలో న్యాయమే లేదనడం సరికాదు. మాట్లాడే భాష ఊరికొక తీరు. నిలుకడగల ప్రమాణం లేకపోతే వందేళ్ళ తరువాత చదివేవాడి గతి ఏమిటని వారి బెంగ. తెలుగు పండిత శిక్షణ పొందినవాణ్ణి కనుక ఆ బెంగ నాకు అర్థమవుతుంది. కాని గిడుగు చూపించిన నిజం ముందు అది నిలబడలేదు. గ్రాంథికం వ్రాస్తున్నామనుకునే పండితులే ఆ నియమాలను తప్పుతున్నారని "ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం"లో వారి వ్రాతల నుంచే ఎత్తి చూపాడు. పండితునికే పట్టుబడని భాషలో పదిహేనేళ్ళ పిల్లవాడు తన ఊరి చెరువు గురించి పది వాక్యాలు ఎలా వ్రాస్తాడు? వాడి శక్తి అంతా సంధులు తప్పకుండా చూసుకోవడానికే చాలదు. ఇక చెరువు మాట చెప్పేదెప్పుడు? తగవు పైకి వ్యాకరణం గురించే గాని, లోపల ఉన్నది ఆ పిల్లవాడి నోరు.

వాదనకంటె ముందే గురజాడ మచ్చు చూపించాడు. 1910 ఫిబ్రవరిలో "ఆంధ్రభారతి"లో దిద్దుబాటు వచ్చింది. తెలుగులో తొలి కథ ఏదన్న వాదం వేరు. 1902 నాటి భండారు అచ్చమాంబగారి ధనత్రయోదశి ఆ స్థానానికి ఉండనే ఉంది. నేను చెప్పేది దిద్దుబాటు నడక గురించి. ఊరి వర్ణన లేదు, వంశ వర్ణన లేదు. అర్ధరాత్రి దాటాక మగడు ఇంటి తలుపు దగ్గర నిలబడి పిలవడంతో కథ మొదలవుతుంది. లోపల భార్య కనబడదు, ఆమె పెట్టిన ఉత్తరం ఉంది. ఆ కొద్దిపాటి ఉత్తరంతో గోపాలరావు కథ అడ్డం తిరుగుతుంది. అతని గురించి రచయిత తీర్పు చెప్పడు, కమలిని ఉత్తరం చెబుతుంది. తన భార్యకు చదువు చెప్పించిన సంస్కర్త ఆ చదువుకే జవాబుదారీ కావలసి వచ్చింది. ఇది తెలుసుకోవడానికి చదువరికి వ్యాఖ్యాత అక్కరలేదు. ఇక్కడ రెండో రకం క్లుప్తతకు తలుపు తెరుచుకుంది.

ఆ తలుపులో నుంచి వచ్చినవారిలో నాకు అగ్రగణ్యుడు చాగంటి సోమయాజులు, మన చాసో (1915–1994). విజయనగరంలోనే ఉండి, జీవితమంతా కలిపి కొద్ది కథలే వ్రాశాడు. "ఎందుకు పారేస్తాను, నాన్నా!" కథను నేను చాలా తరగతులలో చదివి వినిపించాను. డబ్బులేక బడి ఆగిపోయిన కుర్రవాడు, బడి మీద వాడికున్న ఆశ, వాడి తండ్రి లేమి. రచయిత ఎక్కడా అయ్యో అనడు. ఆ పిల్లవాడు ఎంత బాధపడుతున్నాడో ఒక్క విశేషణంతోనైనా చెప్పడు. అయినా చదవడం ముగిసేసరికి వెనక బెంచీలు కూడా నిశ్శబ్దం. చాసో తీసివేసినది ఆ పిల్లల అనుభవంలో ముందే ఉంది కనుక, వారే పూరించుకున్నారు. సూత్రంలో ఖాళీని గురువు పూరిస్తాడు, చాసో కథలో ఖాళీని చదువరి బ్రతుకు పూరిస్తుంది. రెండూ ఖాళీలే, కాని భేదం ఎంతో చూడండి.

అయితే పొట్టిదే మంచిదని నేను తీర్మానిస్తున్నానని అనుకోకండి. 1913లో మొదలై తరువాత ఆంధ్రపత్రికలో సాగిన పానుగంటివారి సాక్షి వ్యాసాలలో జంఘాలశాస్త్రి ఉపన్యాసం ఎత్తుకుంటే పుటలు పుటలుగా సాగుతుంది. ఒక్క దోషాన్ని పది తీరుల తిడతాడు. పది తిట్లలో తొమ్మిది తీసివేస్తే దోషం మిగులుతుంది, శాస్త్రి మిగలడు. మా విశాఖ ప్లీడరు రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) కథలూ అంతే. ఉపమానం మీద ఉపమానం, చెప్పినదే మళ్ళీ చెప్పడం. కోర్టు వరండాలో పేదవాడు తన గోడును పదిసార్లు చెప్పుకుంటాడు, వినేవాడు లేడు కనుక. ఆ పునరుక్తిని కత్తిరిస్తే అన్యాయం చిన్నదైపోతుంది. పొదుపు వేరు, పిసినారితనం వేరు. పనిచేస్తున్న మాటను తీసివేయడం పిసినారితనమే. తక్కువ అక్షరాలలో ఎక్కువ అర్థం పలికించడం కవి వివేకమని చెప్పిన పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని చిన్న గ్రంథంగా వ్రాయలేదు కదా!

ఇక పత్రికలు. కథ చదివేవాడు ఇష్టపడి చదువుతాడు, పత్రిక చదివేవాడు తొందరలో చదువుతాడు. తాపీ ధర్మారావు "జనవాణి"తో వాడుకభాషను దినపత్రికలోకి తెచ్చాడు. 1942 నుంచి 1959 దాకా ఆంధ్రప్రభలోను, 1960 నుంచి ఆంధ్రజ్యోతిలోను నార్ల వెంకటేశ్వరరావు సంపాదకీయానికి పదును పెట్టాడు. అయినా మా ఉత్తరాంధ్రకు ఆ పత్రికలు విజయవాడ నుంచి రైలెక్కి రావలసిందే. చేతికి అందేసరికి పొద్దెక్కేది.

1974 ఆగస్టు 10న మా సీతమ్మధార పక్కనే నక్కవానిపాలెంలో ఈనాడు పుట్టింది. నాటికి నేను బడిపిల్లవాణ్ణి. పత్రిక తెల్లవారకముందే గుమ్మంలో పడడమే అందరికీ వింతగా ఉండేది. నా వింత వేరు. టీకొట్టు దగ్గర ఒకడు పైకి చదువుతుంటే నలుగురైదుగురు కూలీలు వినేవారు. చదివేవాడు మధ్యలో ఆగి అర్థం చెప్పవలసిన అవసరం పడేది కాదు. పెద్ద వాక్యాన్ని రెండుగా విరచడం, వార్తలో అసలు సంగతిని మొదటి వాక్యంలోనే చెప్పడం ఇందుకు తోడ్పడ్డాయి. తరువాతి కాలంలో ఆ సంస్థ జర్నలిజం పాఠశాలకు బూదరాజు రాధాకృష్ణ ప్రిన్సిపాలుగా ఉండి, భాషా శాస్త్రాన్ని విలేఖరుల కలాల్లోకి ఎక్కించారు. గిడుగు కోరిన వాడుక తెలుగు తరగతి గదికంటె ముందు టీకొట్టుకు చేరింది. పత్రికల శీర్షికలలో ప్రాస కోసం పడే పాట్లు వేరే ముచ్చట, అందులో క్లుప్తతకంటె చమత్కారం పాలే ఎక్కువ.

ఈ చరిత్రనుంచి వ్రాసేవారికి పనికివచ్చే సంగతులు కొన్ని ఏరుకోవచ్చు. మొదటిది, తెలుగు స్వభావతః పొదుపరి భాష. "నేను ఉపాధ్యాయుణ్ణి" అంటే వాక్యం పూర్తి, క్రియ అక్కరలేదు. "వచ్చాను" అంటే చాలు, కర్త క్రియలోనే ఉంది. ఈ సంపదను వదులుకుని ఇంగ్లీషు నీడలో "ప్రభుత్వముచేత ఒక ఉత్తర్వు జారీ చేయబడినది" అని వ్రాస్తాం. "ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది" అంటే ఏం తక్కువైంది? "ఒక", "యొక్క", "బడు" ఈ మూడింటిని ఏరివేస్తే చాలు, చాలా వ్యాసాలు సన్నబడతాయి. రెండవది, మన క్రియ వాక్యం చివరకు వస్తుంది. వచ్చి, చూచి, విచారించి, తెలుసుకొని అంటూ పోతే చదువరి ఆ మూటలన్నీ నెత్తిన పెట్టుకుని క్రియ దాకా నడవాలి. మధ్యలో దించుకోవడానికి చోటివ్వడం మర్యాద. మూడవది రాయల ముత్యాలు. "ఎన్నో", "అనేక", "అపారమైన" అన్నచోట లెక్క తెలిస్తే లెక్క చెప్పండి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒక పరీక్ష. వ్రాసినదాన్ని ఆ విషయం తెలియని ఒకరికి ఇచ్చి, పక్కన కూర్చోకుండా లేచి వెళ్ళాలి. వారు మనల్ని పిలిచి "ఇదేమిటి?" అని అడిగితే మనం వ్రాసినది సూత్రం. అడగకుండా చదువుకుని తమ పని తాము చూసుకుంటే మనం వ్రాసినది వచనం. అక్షరాల లెక్క ఆ తరువాతి మాట.

నాకు మిగిలిన దిగులు ఒకటుంది, అదీ చెప్పాలి. పొట్టి వాక్యాలకే అలవాటుపడిన నేటి పిల్లలకు చిన్నయసూరి వాక్యం ఒకటి ఇస్తే సగంలోనే ఊపిరి అందడం లేదు. గిడుగు గురజాడలు వారికి నోరిచ్చారు, అది మహోపకారం. దానితోపాటు పాత వచనాన్ని చదివే ఊపిరి ఇవ్వడం మా ఉపాధ్యాయుల వంతు. సూటిగా వ్రాయడం నేర్పుతూనే, దీర్ఘంగా చదవడం కూడా నేర్పితే తప్ప, వందేళ్ళ తరువాత చదివేవాడి గతి ఏమిటన్న రామయ్య పంతులుగారి ప్రశ్నకు మనం జవాబు చెప్పినట్లు కాదు.

స్వస్తి.